ముద్రాధికారి ముట్టని నేతికుండ

ఆ రేవులో ఓడకెక్కే ప్రతి నేతికుండనూ ముద్రాధికారి భూషణరాయుడు రుచి చూసి, ముద్ర వెయ్యాలి. తన గిడ్డంగిలో బూజుపట్టిన వేరుశనగ చెక్కను కొని గేదెలకు పెట్టినవాళ్లకే ఆయన ముద్ర వేసేవాడు. ముద్ర లేని నెయ్యి ఓడవాళ్లు కొనరు. బూజు మేసిన గేదెల నెయ్యి అని తెలిస్తే ఆ ఊరి సరుకే ముట్టరు. పాడి మీదే బతికే పైడమ్మకు పది రోజులుగా అన్నం సయించడం లేదు.

ఓడ వర్తకుడి ఎదుట ఆమె రెండు కుండలు దించింది.

"ఏమే, నా చెక్క పెట్టావా?" అన్నాడు రాయుడు.

"ఒక గేదెకు పెట్టాను బాబయ్యా. ఎడమ కుండ దాని నెయ్యి. కుడిది పచ్చగడ్డి మేసినదాని నెయ్యి. రుచి చూడండి."

రాయుడు ఎడమ కుండలో వేలు పెట్టబోయి ఆగాడు. చప్పున కుడి కుండ నెయ్యి నాకి, దానికి ముద్ర కొట్టాడు.

"మరి మీ చెక్క తిన్నదాని నెయ్యో?" అంది పైడమ్మ.

రాయుడు ఎడమ కుండకు దూరంగా జరిగాడు. వర్తకుడు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇకమీదట గడ్డి మేసిన గేదెల నెయ్యే కొంటాను. ఆ చెక్క పెట్టినవాళ్లది వద్దు," అన్నాడు.

అప్పటికి పైడమ్మకు ఊపిరాడింది. ఎడమ కుండలో వేలు ముంచి తృప్తిగా నాకి, వర్తకుడి వైపు తిరిగింది.

"దీనికీ ముద్ర వేయించండి దొరా. రెండూ ఒక్క గేదె నెయ్యే. ఆ చెక్క గోతిలో కప్పెట్టేశాను."