హెచ్చరిక మూడు

"కంపెనీ తాళం వేసిన ఫైల్లో రాయడమంటే జ్ఞానాన్ని జైల్లో పెట్టడమే గురువుగారూ! మామూలు అక్షరాల్లో రాద్దాం, మధ్యలో గుర్తులు పెడదాం. ఫైలు ప్రజలది!"

శిష్యుడు అభ్యుదయ్ కోపంలో అబద్ధం లేదు. కంపెనీ మూతపడ్డాక ఫైళ్లు తెరుచుకోక ఎన్ని పుస్తకాలు చచ్చిపోయాయో మస్తానయ్య గారూ చూశారు. ఆస్పత్రి యంత్రాలను ఎలా వాడాలో తెలుగులో రాయడం ఆయన పని. రాజమండ్రిలోని ఆయన గదికి వచ్చి కొందరు ఆ పని నేర్చుకుంటారు.

పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్ పుస్తకం అభ్యుదయ్‌కి అప్పగించి చాలాకాలమైంది. ఈలోగా రాసే సాఫ్ట్‌వేర్లు మారాయి, గుర్తులు మారాయి, ఫార్మాట్ గొడవల్లో మిగతా శిష్యులతో మాటలు ఆగిపోయాయి. పుస్తకం మాత్రం రాలేదు.

"ఏ ఫార్మాట్ మంచిదో మీరే తేల్చండి."

"ఏదీ, ఫైలు తెరువు."

తెరిచాడు. ముచ్చటైన పనే. హెచ్చరికలన్నీ వేరే ఫైల్లో పెట్టాడు. ఒక్కచోట దిద్దితే అన్ని పుస్తకాల్లోనూ మారతాయి. పాఠంలో వాటి బదులు ఒక గుర్తు ఉంటుంది, అంతే.

ఫోను మోగింది. మన్యంలోని చిన్న ఆస్పత్రి నుంచి సిస్టర్ మంగ. అక్కడ నెట్ అందదు. యంత్రం మొరాయిస్తే ఫోను చేసి మస్తానయ్య గారి చేత పుస్తకం చదివించుకోవడం ఆమెకు అలవాటు.

"సార్, వార్మర్ కూత పెడుతోంది. వేడి రావట్లేదు. బిడ్డ దాంట్లోనే ఉన్నాడు."

"ముందు బిడ్డని తీసి తల్లి ఎదమీద పడుకోబెట్టమ్మా. దుప్పటి కప్పు. మిగతాది మా అబ్బాయి చదువుతాడు."

ఫోను శిష్యుడి చేతిలో పెట్టారు.

అభ్యుదయ్ తెర చూసి చదివాడు. "కూత వినిపిస్తే... హెచ్చరిక మూడు."

"అదేంటి బాబూ?"

"అది వేరే ఫైల్లో ఉందండీ. ఒక్క నిమిషం..."

"నా చేతిలో ఫైళ్లు లేవు నాయనా. తర్వాతది చెప్పు."

"పక్క బొమ్మలో నీలం రంగులో చూపిన..." ఆగాడు. ఆమెకు బొమ్మ కనపడదు. "బిడ్డ పొట్టకు అంటించే వైరు ఉంటుంది కదండీ, దాని రెండో కొస యంత్రంలో గట్టిగా దిగి ఉందా?"

"వదులైంది... నొక్కాను. ఆఁ, కూత ఆగింది. వేడి వస్తోంది."

"బిడ్డ?"

"వాళ్లమ్మ దగ్గర హాయిగా ఉన్నాడు. ఆ పుస్తకమేదో తొందరగా పంపు బాబూ. పాపం, సార్ గొంతు అరిగిపోతోంది."

ఫోను పెట్టేశాక అభ్యుదయ్ రెండో ఫైలు తెరిచాడు. హెచ్చరిక మూడు: ముందు బిడ్డను తీసి తల్లి ఎదమీద పడుకోబెట్టండి.

గురువుగారు ఫోన్లో మొదట చెప్పిన మాటే అది. తర్వాత ఆ వాక్యాన్ని తెచ్చి, కూత గురించిన పేజీలో మొట్టమొదట టైపు చేశాడు. మొదటి పేజీకి వెళ్లి, ఫోన్లో ఎవరికో చెబుతున్నట్టు పైకి చదువుతూ దిద్దడం మొదలుపెట్టాడు.

పుస్తకం పూర్తయిన రోజు మెల్లగా అడిగాడు. "ఇప్పుడు ఏ ఫార్మాట్‌లో పెట్టమంటారు గురువుగారూ?"

"నీ ఇష్టం" అన్నారు మస్తానయ్య గారు.