అబ్లా అన్న పాపానికి

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ, కాళ్ళు తన్నకు. అనగనగా ఒక ఊరుందిట. సగం ఊరు ఒక ఖండంలో, సగం ఇంకో ఖండంలో, నడుమ సముద్రం. ఇస్తాంబుల్ అంటారు దాన్ని.

ఆ ఊరు చూడ్డానికి తణుకు నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరు వెళ్ళారు. అక్క మంగతాయారు, చెల్లెలు చూడామణి. చూడామణికి షుగరు. వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. మంగతాయారుకి అంతకంటే పెద్ద రోగం, అనుమానం! తన నీడ వెనకాల వస్తే, ఇదెందుకొస్తోందే అనే రకం.

పొద్దున్నే బజార్లో ఒక ముసలాయన రెండు బుల్లి గ్లాసుల్లో టీ పోసిచ్చాడు. డబ్బులొద్దన్నాడు. "ఊరికే ఎవడిస్తాడే? మత్తుమందు కలిపుంటాడు," అని మంగతాయారు చెల్లెలి చేతిలో గ్లాసు లాగేసింది.

ఆ తర్వాత ఒక రొట్టెలామె, చూడామణి వాడిన మొహం చూసి, గాజులా గుండ్రంగా ఉన్న రొట్టె చేతిలో పెట్టింది. నిండా నువ్వులు. ఆవేళేమో శనివారం. "అమ్మో! శనివారం పూట నువ్వులు దానమిస్తోందే! దాని శని మనకి అంటగడుతోంది, ఇచ్చెయ్!" అంది అక్క. పాపం, ఆ పిచ్చిది ఆకలి కడుపుతోనే ఇచ్చేసింది.

అప్పుడు అవతలి ఖండానికి పడవెక్కారు. పడవలో టీ అమ్మే మీసాలాయన చూడామణినే పట్టి పట్టి చూస్తున్నాడు. "నీ గొలుసు మీద కన్నేశాడే. లే, దిగు," అని, ఒడ్డు రాగానే మంగతాయారు బ్యాగు వాటేసుకుని జనంలో పడి దిగిపోయింది. వెనక్కి చూస్తే చెల్లెలు లేదు!

అంతలో ఆ మీసాలాయన పరిగెత్తుకొచ్చాడు. "అబ్లా! అబ్లా!" అని ఒకటే కేకలు.

"ఎవర్రా అబల? నేను అబలనా?" అని గొడుగుతో భుజం మీద ఒక్కటిచ్చుకుంది. అతను సముద్రం వైపు వేలు చూపించాడు. పడవ తిరిగి వెళ్ళిపోతోంది. కిటికీకి తల వాల్చేసి చూడామణి!

మంగతాయారుకి పైప్రాణాలు పైనే పోయాయి. అతను ఇంకో పడవ ఎక్కించాడు. ఎవరికో ఫోన్ చేశాడు. ముఠాకి కబురు పంపుతున్నాడనుకుంది ఈ మహాతల్లి! "దాని నోటి దగ్గర తిండి నేనే లాగేశానే," అని ఏడుస్తూనే ఉంది, ఓరకంట అతన్ని చూస్తూనే ఉంది.

తీరా మొదట పడవెక్కిన ఒడ్డుకి వెళ్తే, చూడామణి బెంచీ మీద కూచుని ఉంది. పడవ వాళ్ళు చక్కెర దట్టించి టీ తాగిస్తున్నారు. అతను పట్టి పట్టి చూసింది ఆ వాడిన మొహాన్నే, ఫోన్లో చెప్పింది ఈ టీ సంగతేనే తల్లీ!

మంగతాయారు చెల్లెల్ని కావలించుకుని, "వీడు నన్ను అబల అన్నాడే," అంది.

"నీ మొహం! వీళ్ళ భాషలో అబ్లా అంటే అక్క. పొద్దున మనకి ఊరు చూపించిన గైడు చెప్పాడుగా. నువ్వు అతన్నీ నమ్మలేదు," అంది చూడామణి నీరసంగా నవ్వుతూ.

అప్పుడా మీసాలాయన వచ్చి మంగతాయారు చెయ్యి పట్టుకున్నాడు. ఉంగరం కోసమేనని ఆవిడ గబుక్కున పిడికిలి బిగించింది. అతను ఆ పిడికిలినే ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మనం కాళ్ళకి దణ్ణం పెట్టినట్టు, పెద్దవాళ్ళకి వాళ్ళలా చేస్తారుట.

పిడికిలి దానంతటదే విడిపోయింది. "నా తండ్రే, తమ్ముణ్ణి పట్టుకుని కొట్టానురా!" అని అతని భుజం నిమురుతూ భోరున ఏడ్చేసింది మంగతాయారు.

కథేమో కంచికి, కునుకేమో నీ కంటికి. మూసుకో మరి!