కెప్టెన్ గదికెక్కిన సీమకోడి

కోరంగి దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగకు ఎదురుగా లంగరు వేసిన ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌకలో కెప్టెన్లు ఇద్దరు. ఒకడు థోర్న్‌బీ దొర. బంగారు పట్టీల కోటు, నలభై ఫిరంగులు, మూడు వందల మంది మనుషులు, ఎవరి మాటా ఎక్కని రెండు చెవులు అతని ఆస్తి. రెండోవాడు సీమకోడి పుంజు, అదే టర్కీ కోడి. వాడికా పదవి ఎవరూ ఇవ్వలేదు, వాడే తీసుకున్నాడు.

ఓడ ముందు భాగంలో, వంటపొయ్యి పక్కన చెక్కల దొడ్డి ఉండేది. కూరకోసం కొన్న డజను కోళ్లూ, కోరంగి సంతలో కొన్న చుక్కల మేకా అందులో ఉండేవి. మేక పుట్టి పెరిగింది మడ అడవి అంచున. ఓడ ఎక్కి నాలుగు రోజులే అయినా, ఇక్కడ నోరు తెరిస్తే దెబ్బ, మూస్తే గడ్డి అని దానికి మొదటి రోజే అర్థమైంది.

సీమకోడికి మాత్రం దొడ్డి లేదు. దొర చేతులు వెనక్కి కట్టుకుని పై అంతస్తులో పచార్లు చేస్తుంటే, వాడు రెక్కలు ఈడ్చుకుంటూ వెనకే నడిచేవాడు. నావికులు నవ్వుకునేవాళ్లు. వాడు దాన్ని వందనం అనుకునేవాడు. కిందికి దిగొచ్చి కోళ్లను వరసలో నిలబెట్టేవాడు. ఆ వారం దొర, తన టోపీ గాలికి ఎగిరిపోతే నవ్వినందుకు ఒక నావికుణ్ణి స్తంభానికి కట్టించి కొరడాతో కొట్టించాడు. మర్నాడే సీమకోడి, వరసలో తుమ్మినందుకు ఒక పెట్ట నెత్తిని పొడిచి పొడిచి బోడి చేశాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే అదే.

వంటవాడు రోజూ వాడికి ద్రాక్షసారాలో నానేసిన రొట్టె, బాదం పప్పులు తినిపించేవాడు. అది చూసి మేక, తాళ్ల చుట్ట వెనక కాపురం ఉండే ముసలి ఎలుకను అడిగింది, ఈ మర్యాద ఎందుకని. ఏడు సముద్రాలు తిరిగిన ఎలుక అది.

"మర్యాద కాదమ్మా, మసాలా," అంది ఎలుక. "బయటినుంచి పూస్తే ఆలస్యమని లోపలినుంచి పట్టిస్తున్నారు."

మేకకు జాలేసింది. పెట్ట నెత్తి బోడి చేసినవాడే అయినా ప్రాణం ప్రాణమేగా అనుకుని, ఎలుక చెప్పింది వాడి చెవిన వేసింది. వాడు మెడ ఎర్రగా ఉబ్బించాడు. గడ్డి తినేదానికి గౌరవాల సంగతి ఏం తెలుసన్నాడు. అంతటితో ఆగక, పై అధికారిపై చాడీలు చెప్పిందని రోజంతా దాని గడ్డి మీద కూచుని తిననివ్వలేదు. ఆ రోజుతో మేక జాలి తీరిపోయింది.

ఒకరోజు పొద్దున్నే, మడ చెట్ల వెనక తెరచాప కొన కనబడింది. థోర్న్‌బీ దొర దుర్భిణి కంటికి ఆనించాడు. ఆరు నెలలుగా వెతుకుతున్న పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ల, యుద్ధనౌక అదేనన్నాడు. దారి చూపడానికొచ్చిన కోరంగి సరంగు పోలయ్య, అది ఉప్పు మోసే ధోనీ పడవ అని చెప్పాడు. దొర వినలేదు. పోలయ్య తలపాగా సవరించుకుని మళ్లీ చెప్పాడు.

"ఆటు మొదలైంది దొరా. నీరు తీస్తోంది. పొద్దువాలి పోటొచ్చాక కదుల్దాం. ఇప్పుడు కదిలితే బురద పర్ర మీద కూచుంటాం."

దొర పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పోలయ్యను అతని పడవలోకి నెట్టించి, లంగరు ఎత్తించి, డోలు కొట్టమన్నాడు.

డోలు మోత విని ఎలుక దొడ్డి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. యుద్ధానికి ముందు ఓడంతా ఖాళీ చేస్తారని, దొడ్డి పగలగొట్టి జీవాల్ని సముద్రంలోకి విసిరేస్తారని చెప్పింది. కోళ్లు గోల పెట్టాయి. మేక పలకల సందులోంచి చూసింది. నీరు బురద రంగుకు తిరిగింది. మడ వేళ్లు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. నాలుగు ఈత బారల దూరంలో పర్ర ఉంది, తాను చిన్నప్పటినుంచి తొక్కిన బురదే.

"అరవకండి," అంది కోళ్లతో. "ఇక్కడ విసిరితే బతుకుతాం. విసరకుండా ఉంచుకుంటేనే చస్తాం."

అంతలో వంటవాడు వచ్చాడు. గెలిచాక దొర విందుకు ఒక్క జీవాన్ని దాచమని వాడికి ఆజ్ఞ. వాడు వంగి మేక వీపు తడిమి, మెడతాడు చేతికి చుట్టుకున్నాడు. సీమకోడి పక్కనే నిలబడి ఉన్నాడు.

"దొరగారూ," అంది మేక తల దించుకుని. "ఒక్కరినే కెప్టెన్ గదిలో కూచోబెడతారట. మిమ్మల్ని కాదని నన్ను తీసుకుపోతున్నారు. ఈ అన్యాయం నేను చూడలేను."

"నిన్నా?"

"మీరు వాళ్ల కంటికి ఆనలేదేమో."

అంతే. సీమకోడి తోక విసనకర్రలా విప్పాడు. మెడ తిత్తి ఎర్రబడింది. గొంతు చించుకుని గుర్రుమంటూ వంటవాడి కాళ్ల మధ్యకొచ్చి నిలబడ్డాడు. వంటవాడు వాడి రొమ్ము కేసి చూశాడు, మేక పక్కటెముకల కేసి చూశాడు. మేక మెడతాడు వదిలేశాడు. సీమకోడిని రెండు చేతులా ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

"ఇప్పటికైనా తెలిసిందా నా స్థానం?" అని వాడు చంకలోంచే అడిగాడు.

"బాగా తెలిసింది," అంది మేక.

మరుక్షణం దొడ్డి పలకలు విరిగాయి. మేక నీళ్లలో పడింది. ఉప్పునీరు ముక్కుల్లోకి పోయింది, ఒకసారి మునిగింది, తేలింది, ఈదింది. గిట్టలకు బురద తగిలింది. కోళ్లు పడుతూ లేస్తూ మడ కొమ్మలు పట్టుకున్నాయి. బోడితల పెట్ట అందరికన్నా ముందు ఎక్కింది.

ఓడ అలాగే ఇంకొంచెం పోయి, ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. నలభై ఫిరంగుల మూతులూ చూస్తుండగా మడ చెట్ల మలుపు తిరిగి దొర చెప్పిన పరాసుల నౌక బయటికొచ్చింది. మాసికల తెరచాప, ఉప్పు బస్తాలు, గంజి తాగుతున్న ఇద్దరు మనుషులు. వాళ్లలో ఒకడు ఓడను చూసి చెయ్యూపాడు కూడా. నీరు తీసేకొద్దీ ఓడ పక్కకు ఒరిగింది. బరువు తగ్గించడానికి దొర తన ఫిరంగుల్ని తానే బురదలోకి తోయించుకున్నాడు. పోలయ్య తన పడవలో కూచుని చుట్ట కాల్చుకుంటూ, పోటు వచ్చేదాకా ఎవరేం చేయలేరని కబురు పంపాడు.

పొద్దువాలుతుండగా ముసలి ఎలుక ఈదుకుంటూ పర్రకు చేరింది. ఒరిగిన ఓడలో దొర ఆకలి మీద ఉన్నాడని, గెలుపు లేకపోయినా విందు తప్పలేదని చెప్పింది. మేక ఆకు నమలడం ఆపి, సీమకోడి సంగతి అడిగింది.

"కత్తి చూసి కూడా వాడు భయపడలేదమ్మా," అంది ఎలుక. "పదవి ఇచ్చేటప్పుడు దొరలు భుజం మీద కత్తి ఆనిస్తారని ఎక్కడో విన్నాడట. మెడ చాచి నిలబడ్డాడు."

నీతి: పొగడ్తకు చాచిన మెడకు, కత్తికి చాచిన మెడకు తేడా తెలియనివాడికి పెద్దరికం పళ్లెంలోనే దక్కుతుంది.