జంపయ్య రాతిగుండు

చింతవాగు పక్కన నల్లగుట్ట అడవి ఉండేది. అందులో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, కొండగొర్రెలు, ముళ్లపందులు ఉండేవి. వాగు ఒడ్డున మెత్తని మట్టి పోసి అవన్నీ ఒక సాముగరిడీ కట్టుకున్నాయి. పొద్దున్నే అక్కడ కసరత్తు చేసేవి.

గరిడీలో బరువులు మూడు రకాలు. ఒకటి నున్నటి రాతిగుండు. రెండోది భుజాల చుట్టూ తిప్పే కర్ర లోడీలు. మూడోది నారసంచిలో నింపిన ఇసుక మూట.

జంపయ్య అనే ఎలుగుబంటి గుండు తప్ప మరొకటి ముట్టేవాడు కాదు. దాన్ని ఛాతీ దాకా ఎత్తగలిగింది అతనొక్కడే. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పక్కవాళ్ల మీద నోరు పారేసుకునేవాడు.

"లోడీలు పిల్లలాట. ఇసుక మూట గాడిద చాకిరీ. బలమంటే గుండు ఎత్తడమే" అనేవాడు.

పోలమ్మ అనే కొండముచ్చు రోజుకొకటి చొప్పున మూడూ చేసేది.

"గుండు నడుముకు మంచిది మామా. లోడీ తిప్పితే భుజం కీళ్లు బిగుసుకుపోవు. ఇసుక మూట ఒకచోట నిలవదు, జారుతూ ఉంటుంది. దాన్ని ఆపడం నేర్చుకుంటే పట్టు వస్తుంది. దేని పని దానిదే" అంది.

"పిడికెడు లేవు, నాకే పాఠాలా?" అని జంపయ్య నవ్వాడు.

ఎన్నాళ్లని పడతారు ఎవరైనా? ముందు ముళ్లపంది రావడం మానేసింది. తర్వాత కొండగొర్రెలు మానేశాయి. చివరికి అందరూ పోలమ్మతో కలిసి వాగు అవతల కొత్త గరిడీ వేసుకున్నారు.

జంపయ్య ఒక్కడే మిగిలాడు. గుండు ఎత్తేవాడు, చుట్టూ చూసేవాడు, దించేవాడు. అవతలి ఒడ్డున నవ్వులు వినిపిస్తే చెవులు రిక్కించేవాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోవాలని ఉండేది. అడగడానికి పక్కన ఎవరూ లేరు, వెళ్లడానికి మొహం లేదు. చాలా బెంగగా ఉండేది.

వానాకాలంలో ఒక ముసలి కొండగొర్రె వాగు బురదలో కూరుకుపోయింది. దాని అరుపు విని జంపయ్య పరుగెత్తాడు. 'దీన్ని పైకి లాగితే అందరూ మళ్లీ నా దగ్గరికి వస్తారు' అనుకున్నాడు.

గుండును పట్టినట్టే దాన్ని వాటేసుకుని ఒక్క ఊపున లేపబోయాడు. గుండు ఏనాడూ గింజుకోలేదు. కొండగొర్రె భయంతో గింజుకుంది. పట్టు జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. మూడోసారి జంపయ్య భుజం కలుక్కుమంది. బురదలోనే కూలబడ్డాడు.

ఈలోగా పోలమ్మ వచ్చింది. కొండగొర్రె ఎటు మెలిక తిరిగితే అటు తన పట్టు మార్చుకుంటూ, మెల్లగా ఒడ్డుకు లాగింది. అందరూ పోలమ్మ చుట్టూ చేరారు. ఆ రోజు నుంచి ఆమే గరిడీకి గురువైంది. జంపయ్యను ఎవరూ తిట్టలేదు. అసలు అతని వైపు చూడనే లేదు. ఆ సంగతే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

భుజం కుదుటపడ్డాక జంపయ్య తానే నారసంచి అల్లి ఇసుక నింపాడు. మోకాళ్ల దాకా లేపితే మూట ఒక పక్కకు ఒరిగిపోయింది. దాన్ని వీపు మీదికి ఎక్కించుకోవాలంటే వెనక నుంచి ఇంకొకరు ఎత్తిపట్టాలి. అవతల అందరూ ఒకరికొకరు అదే చేస్తున్నారు.

జంపయ్య వాగు దాకా నడిచాడు.

"పోలమ్మా, కాస్త చెయ్యి వేస్తావా?" అన్నాడు.

అడగడం అలవాటు లేని గొంతు. వాగు హోరులో ఆ మాట అవతలికి చేరలేదు. రెండోసారి అడగడానికి అతనికి నోరు రాలేదు.

నీతి: తన బలమే బలమని తోటివారిని చులకన చేసేవాడికి, బరువెత్తే వేళ చెయ్యి వేసేవారు ఉండరు.