పూలమీట

ప్రశ్న అడిగిన రోజునే సోమయాజులు గారు జవాబు చెప్పిన పాపాన పోలేదు. ప్రశ్న కూడా మినపప్పులాంటిదే, నానితే గాని నలగదు అనేవారు. ఈ పద్ధతి గిట్టక ఆయన దగ్గరికి వేదాంతం వినడానికి వచ్చేవాళ్ళలో సగంమంది రెండోవారానికే మానేసేవారు. మానని వాళ్ళలో మంగపతి ఒకడు.

మంగపతికి అరవై ఆరేళ్ళు. సర్వే శాఖలో చేరి, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పొలాలకి హద్దులు కొలిచి రిటైరయ్యాడు. భార్య శేషారత్నం పోయి మూడేళ్ళు. అప్పట్నుంచీ బందరులో సోమయాజులు గారి అరుగు మీదే అతని సాయంత్రాలు గడుస్తున్నాయి. ఒకనాడు ఆయన మమకారం గురించి పాఠం చెబుతుంటే మంగపతి ఉండబట్టలేక అడిగాడు.

"పోయినవాళ్ళ మీద మమకారం వదిలెయ్యాలంటారు గురువుగారూ. వదిలేస్తే ఆ మనిషి రెండోసారి పోయినట్టు కాదుటండీ?"

ఆయన కళ్ళజోడు తీసి, ఉత్తరీయంతో తుడుచుకుని, "చూద్దాం" అన్నారు.

ఆ వారమే కారు గొడవ వచ్చిపడింది. ముప్పై ఏళ్ళ నాటి పెట్రోలు కారు అది. రిజిస్ట్రేషను గడువు శుక్రవారంతో ఆఖరు. పొగ పరీక్ష నెగ్గిన కాగితం లేకపోతే రవాణా ఆఫీసులో దరఖాస్తు పుచ్చుకోరు, పుచ్చుకోకపోతే కారు తుక్కుకే. తుక్కు కొనే మనిషి అప్పుడే రెండుసార్లు వచ్చి, జబ్బుమనిషిని పలకరించే వాడిలా గేటు దగ్గర నిలబడి తొంగిచూసి వెళ్ళాడు. పాత ఇనుము పోతే పోయిందిలే అనుకోవడానికి లేదు. ఆ కారు ముందుసీటులో శేషారత్నం ఇరవై ఏడేళ్ళు కూర్చుంది. ఆమె పోయాక మంగపతి అందులో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు.

పెట్రోలు బంకు పక్కన పరీక్ష చేసే వ్యాను ఉంటుంది. అందులో అమ్మాయి పొగగొట్టంలోకి సన్నగొట్టం దూర్చి, కంప్యూటరు చూసి, "మూడు దాటకూడదు అంకుల్, మీది ఆరు" అంది. మంగపతి మెకానిక్ మీరావలి దగ్గరికి పరిగెత్తాడు. మీరావలి ప్లగ్గులు మార్చాడు, గాలి ఫిల్టరు మార్చాడు, కార్బ్యురేటరు విప్పి పళ్ళెంలో పెట్టి, తలంటు పోసినట్టు పెట్రోలుతో కడిగాడు. ఎవరిదో మిషను అరువు తెచ్చి తన షెడ్డులోనే చూశాడు. రెండు చిల్లర వచ్చింది. మంగపతి హుషారుగా బంకుకి వెళ్ళాడు. ఆరు. వెనక్కి తెచ్చాడు, షెడ్డులో రెండు. మళ్ళీ బంకు, మళ్ళీ ఆరు.

మీరావలి తల గోక్కున్నాడు. "నా దగ్గర బుద్ధిగా ఉంటది సార్. ఇక్కణ్ణించి బంకు రెండు కిలోమీటర్లు. పుట్టింట్లో ఒక మాట, అత్తింట్లో ఒక మాట! మధ్యలో ఏ దెయ్యం పడుతుందో మీరే చూసుకోవాలి."

శుక్రవారం పొద్దున్న మంగపతి, ఆ సాయంత్రం పాఠానికి రాలేనని చెప్పడానికి గురువుగారింటికి వెళ్ళాడు. సంగతంతా విని ఆయన చెప్పులు తొడుక్కున్నారు. "పదండి, నేనూ వస్తాను. కారెక్కి ఎన్నేళ్ళయిందో."

ఇద్దరూ ఆటోలో షెడ్డుకి చేరారు. మంగపతి కారు వెనక తలుపు తీసేలోపల ఆయన ముందు తలుపు తీసేశారు.

"గురువుగారూ, వెనక కాస్త విశాలంగా ఉంటుందండీ..."

"వెనక కూర్చుంటే శిష్యుణ్ణి డ్రైవరుని చేశాడంటారు ఊళ్ళో" అని ఆయన ముందుసీటులో సర్దుకుని కూర్చున్నారు. మంగపతి వెనక తలుపు మీంచి చెయ్యి తీసి, ఇటు వచ్చాడు.

స్టీరింగు ముందు కూర్చుని జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో జానెడు సన్నజాజుల దండ ఉంది. డాష్‌బోర్డు కింద ఒక నల్లటి మీటని రెండు వేళ్ళంత బయటికి లాగి, దండ దానికి తగిలించి, కారు స్టార్టు చేశాడు.

"ఆ మీట దేనికండీ?" అన్నారు సోమయాజులు గారు.

"పూలకండి."

"పూలకోసం కారులో మీట పెట్టారా కంపెనీవాళ్ళు? రసికులే!"

మంగపతి నవ్వాడు. కారు కదిలించి, రోడ్డు మీదికి వచ్చాక చెప్పాడు. కారెక్కగానే చీర కుచ్చిళ్ళు సర్దుకోవాలని శేషారత్నం ఆ మీట లాగి, పూలదండ దానికి తగిలించేది. ఆవిడది మంచి చెయ్యి, ఆవిడ ఎక్కితే బండి ఒక్క తిప్పుకే అందుకునేది. సందు మలుపు దగ్గర దండ తీసి జడలో తురుముకుని, మీట లోపలికి నెట్టేసేది. ఇప్పుడు ఆ దండ అతను తగిలిస్తున్నాడు. గ్రీజు చేతులు తగులుతాయని షెడ్డు దగ్గర మాత్రం తీసి దాచుకుంటాడు.

సోమయాజులు గారు దండ వేలాడుతున్న మీట కేసి వంగి చూశారు. తర్వాత, "మరి ఇప్పుడు మీట ఎవరు నెడుతున్నారు?" అన్నారు.

మంగపతి కారు పక్కకి తీసి ఆపాడు.

ఈ కాలపు కార్లలో ఆ మీట లేదు, అందుకని చెప్పాలి. చల్లబడ్డ ఇంజను తొందరగా అందుకోవడానికి దాన్ని లాగేవారు. లాగితే ఇంజనులోకి గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది. వేడెక్కాక లోపలికి నెట్టెయ్యాలి, లేకపోతే వెనక నల్లటి పొగ. చోక్ అంటారు. కారు కొన్న కొత్తలో మంగపతికి ఎవరో చెప్పే ఉంటారు, అతను మరిచే ఉంటాడు. ఇరవై ఏడేళ్ళు అతనికి ఆ అవసరమే లేకుండా ఒకావిడ లాగింది, ఆవిడే నెట్టింది. షెడ్డులో మీరావలి బండెక్కగానే అలవాటు కొద్దీ నెట్టేవాడు, నెట్టినట్టు తనకే తెలియదు.

"పూలు పడిపోతాయండీ" అన్నాడు మంగపతి.

"నేను పట్టుకుంటాను" అని ఆయన దోసిలి పట్టారు.

మంగపతి దండ తీసి ఆ దోసిట్లో పెట్టాడు. మీట మీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నెట్టాడు. దగ్గుతున్న ఇంజను ఎవరో వీపు నిమిరినట్టు నెమ్మదించింది.

బంకు దగ్గర వ్యానులో అమ్మాయి అంకె చూసి, నమ్మలేక రెండోసారి చూసింది. "రెండున్నర! పాసయ్యారు అంకుల్. ఏం మార్చారు?"

మంగపతి ఆ కాగితం పుచ్చుకుని వచ్చి కారులో కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచాడు. సోమయాజులు గారు దోసిట్లోని దండని, ఒక్క పువ్వు నలక్కుండా అతని చేతిలో పెట్టారు.

"మీ ప్రశ్న నానింది. ఉంచుకోండి. చేతిలో ఉంటే పొగ రావటం లేదు."