ఓటమి అని పేరు పెట్టిన ఫోటో

కామాక్షికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫోటో తీసింది తను. ఎర్రటి ఎండలో, కబడ్డీ కోర్టు గీత పక్కన, మోకాళ్లు దోక్కుపోయేలా కూర్చుని తీసింది తను. రాష్ట్రం మొత్తం మీద జరిగే ఫోటోల పోటీలో ఆఖరి వడపోతకి నిలిచిందీ తన ఫోటోనే. సాయంత్రంలోపు అసలు ఫైలు పంపాలి. గెలిస్తే ఒక పత్రికలో ఉద్యోగం ఇస్తారు. డిగ్రీ చేతికొచ్చిన దగ్గర్నుంచీ "ఇంకా ఖాళీగానే ఉన్నావా?" అని అడగని చుట్టం లేడు.

తీరా ఇప్పుడు చూస్తే, ఆ ఫోటో ఉన్న మెమరీ కార్డు మస్తాన్ మాస్టారి చొక్కా జేబులో ఉంది.

"పంపొద్దమ్మే," అన్నాడాయన. ఇంకో ముక్క లేదు.

మస్తాన్ మాస్టారిది నెల్లూరులో ఒక చిన్న ఫోటో స్టూడియో. పరిగెత్తేవాళ్లని, ఎగిరేవాళ్లని, చిందులేసేవాళ్లని ఫోటో తియ్యాలంటే ఆయన తర్వాతే ఎవరైనా అని ఊళ్లో చెప్పుకుంటారు. కామాక్షికి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. షట్టర్ ఎంత గబుక్కున తెరుచుకుని మూసుకుంటే, కదిలే మనిషి ఫోటోలో అంత కచ్చితంగా ఆగిపోతాడని చెప్పిందీ ఆయనే.

"మీరు చెప్పినట్టే తీశాను కదా మాస్టారూ! సెకనులో రెండు వేలో వంతు పెట్టాను. ఎక్కడన్నా చెదిరిందా? చూడండి, చెమట చుక్క గాల్లో ఎట్లా నిలబడిందో!"

మాస్టారు ఆమె ఫోన్లో ఉన్న కాపీని దగ్గరికి లాక్కుని చూశాడు.

ఫోటోలో ఒక పిల్ల బోర్లా పడి ఉంది. ముగ్గురు ఆటగత్తెలు ఆమెని నేలకేసి అదిమి పట్టుకున్నారు. నోరు వంకరపోయింది. కళ్లు సగం మూతపడ్డాయి. ఎవరన్నా కాపాడండయ్యా అన్నట్టు ఒక చెయ్యి ముందుకి చాచి ఉంది. కింద కామాక్షి పెట్టిన పేరు: ‘ఓటమి’.

"ఎవురీ పిల్ల?"

"అంకమ్మ. కావలి జట్టు."

"ఓడిపోయిందా?"

కామాక్షి కాస్త తడబడింది. "ఓడిపోలేదు. ముగ్గురు మీద పడ్డా కూత ఆపకుండా పాక్కుంటూ పోయి మధ్యగీత ముట్టుకుంది. పట్టుకున్న ముగ్గురూ అవుటు. మ్యాచ్ వాళ్లే గెలిచారు."

"కూత ఆపలా?"

"ఆపలేదు. అందుకే నోరు అట్లా వచ్చింది. అయినా ఫోటోలో కూత వినపడదు కదా మాస్టారూ! కనపడేదాన్ని బట్టే పేరు పెడతాం. జడ్జీలకి ఆ పేరే నచ్చింది."

మాస్టారు టీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "పంపొద్దు," అన్నాడు మళ్లీ.

ఇక కామాక్షి ఆగలేకపోయింది. కుర్చీ వెనక్కి పడేట్టు లేచింది.

"ఇదేం అన్యాయం? జడ్జీలకి నచ్చింది, మీకు నచ్చకపోతే నేనేం చెయ్యాలి? ఇంట్లో మా నాన్న నాతో మాట్లాడ్డమే మానేశాడు. మీకేం, మీ స్టూడియో మీకుంది. శిష్యురాలు నాలుగు మెట్లు ఎక్కుతుంటే చూడలేరా?"

ఆఖరి మాట నోరు జారింది. జారిందని తెలిసినా వెనక్కి తీసుకోలేదు. పైగా, "ఛీ, నా ఖర్మ!" అంటూ రెండు చేతులూ ఫట్‌మని చరిచింది.

క్లిక్‌మంది.

మాస్టారి చేతిలోకి కెమెరా ఎప్పుడొచ్చిందో ఆమె చూడనేలేదు. ఆయన లోపలికి పోయాడు. ప్రింటరు గుర్రుగుర్రుమంది. కాసేపటికి పెద్ద కాగితం పట్టుకొచ్చి, బయటివాళ్లకి కనపడేట్టు షాపు ముందరి అద్దానికి అంటించాడు. కామాక్షి అటు చూడలేదు. చూస్తే మళ్లీ అరవాల్సొస్తుందని మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

పక్క షాపు దర్జీ పెంచలయ్య మెడలో టేపు వేళ్లాడేసుకుని అటుగా వచ్చాడు. అద్దం ముందు ఆగాడు. జాలిగా పెదవి చప్పరించాడు.

"పోనీలేండి మాస్టారూ, చిన్నపిల్ల. అంత ఇదిగా దండం పెడతా ఉంటే మీకు మనసు కరగలేదా? ఈసారికి వదిలెయ్యండి." తర్వాత గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు. "ఏం తప్పు చేశావమ్మే? డబ్బుల డబ్బాలో చెయ్యి పెట్టలేదు కదా?"

"నేనా? దండమా?"

కామాక్షి ఒక్క ఉదుటున రోడ్డు మీదకొచ్చింది.

అద్దం మీది ఫోటోలో తనే ఉంది. రెండు చేతులూ గుండెల దగ్గర జోడించి ఉన్నాయి. తల వంగి ఉంది. కళ్లు కిందికి వాలిపోయాయి. బతిమాలుతున్నట్టు నోరు సగం తెరుచుకుంది. కింద నల్ల స్కెచ్ పెన్నుతో రాసుంది: ‘తప్పయిపోయింది మాస్టారూ’.

"అబద్ధం!" అని అరిచింది. "నేను దండం పెట్టలేదు! పోట్లాడుతున్నా! చేతులు చరిచా! పెంచలయ్యన్నా, నా మాట నమ్ము, నేను చేతులు చరిచా!"

"ఏమోమ్మే. ఫోటోలో అట్లా లేదే మరి," అన్నాడు పెంచలయ్య.

మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఎక్కడన్నా చెదిరిందా చూడు. నేనూ రెండు వేలో వంతే పెట్టా. గోళ్ల రంగు కూడా తెలుస్తా ఉంది."

"చెదరలేదు! చెదరకపోతే నిజమైపోద్దా? తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి. దారినపోయే ప్రతివాడూ నేనేదో వెధవపని చేసి మీ కాళ్లమీద పడ్డాననుకుంటాడు. నేను బతిమాలలేదు. చస్తే బతిమాలను!"

కోపానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రోడ్డుకి అటువైపు కిళ్లీ బంకు దగ్గర సిగరెట్లు కాల్చేవాళ్లు కూడా ఇటు తిరిగి నవ్వుతున్నారు. ఒకడు ఆమెని చూస్తూ చేతులు జోడించి తల వంచాడు.

మాస్టారు అద్దం మీంచి ఫోటో ఊడదీశాడు. నాలుగు ముక్కలు చేసి కామాక్షి చేతిలో పెట్టాడు. జేబులోంచి మెమరీ కార్డు తీసి ఆ ముక్కల మీద పెట్టాడు.

"ఇంకా టైముంది. పంపుకోవాలంటే పంపుకో."

కామాక్షి కార్డు వంక చూసింది. వేళ్లు ముడవలేదు.

"నువ్వంటే నా షాపు ముందరే ఉన్నావు కాబట్టి అరిచి ఫోటో తీసేయించుకున్నావ్," అన్నాడు మాస్టారు, లోపలికి పోతూ. "ఆ కావలి పిల్ల యాడికొచ్చి అరవాల?"