కూతవేటు దూరం

గోదారి సముద్రంలో కలిసేచోట ఇసుకలంక ఉంది. దానికి పడమరగా, రెండు కోసుల ఎగువన పొన్నలంక. ఇసుకలంక మీద ఒక గూడబాతు కాపురముండేది. ఒళ్ళు బరువు, తొందర తక్కువ. నిరుడు వరదకి దాని గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. మళ్ళీ గుడ్లు పెట్టే రోజులొచ్చాయి. పొన్నలంకలో వరదకందని పెద్ద చెట్టు మీద, గూడు కట్టుకునేందుకు ఒకే ఒక్క కొమ్మల పంగ ఖాళీగా ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆ పంగ మీదే కాకి కన్నూ పడింది.

"గొడవెందుకు వదినా? ముందు వాలినవాళ్ళదే పంగ," అంది కాకి.

"సరే మరిదీ. బయల్దేరేదెప్పుడు?"

"మా తమ్ముడు అక్కడుండి, మనం వాలేదాకా కూతేస్తుంటాడు. అది విన్నాకే కదలాలి. ముందు కదిలితే ఓడినట్టే. ఎంత, కూతవేటు దూరమేగా!"

కాకి ఎత్తు వేరే. గూడబాతు గాల్లోకి లేవాలంటే నీళ్ళ మీద చాలాదూరం పరిగెత్తాలి. ఆలోగా తను సగం దారి దాటేయొచ్చు.

మర్నాడు పొద్దున్నే పొన్నలంక నుంచి "కావ్, కావ్" అని స్పష్టంగా వినబడింది. కాకి రివ్వున లేచిపోయింది. గూడబాతు మాత్రం తీరిగ్గా ఈకలు సర్దుకుంటూ కూర్చుంది.

గట్టు మీద పీతకి ఆత్రం ఆగలేదు. "పిన్నీ, లేవండీ! అవతల కాకి వెళ్ళిపోతోందండీ!"

"వెళ్ళనీరా. రెండు కోసుల కూత ఇంత బాగా ఎలా వినబడిందంటావ్?"

"గాలి మోసుకొచ్చిందండి."

"ఎటు నుంచి?"

"పొన్నలంక వైపు... ఓర్నాయనో! అంటే మనకి ఎదురుగాలే!"

"ఆయ్. ఆ కూత వినబడినంతసేపూ అటు పోలేం. ఆగాక లేద్దాం. విన్నాకే కదలమంది గానీ, వినగానే అన్లేదుగా."

పైకి అలా అంది గానీ దాని చూపు కాకి వెళ్ళిన వైపే ఉంది. పొరపాటున కాకి చేరిపోయిందా, ఈ ఏడూ గుడ్లు వరద పాలే.

అక్కడ కాకి రెక్కలాడించిన కొద్దీ గాలి వెనక్కి నెట్టింది. జాముసేపు తంటాలు పడి, సత్తువ చాలక ఎదురొచ్చిన పడవ తెరచాప కొయ్య మీద చతికిలబడి కునుకు తీసింది. ఆ పడవ అదే గాలిని పట్టుకుని వేటకి సముద్రంలోకి పోతోంది. కాకి కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఉప్పునీళ్ళు.

మధ్యాహ్నానికి గాలి మళ్ళి, సముద్రం మీంచి పొన్నలంక వైపు వీచసాగింది. పొన్నలంకలో తమ్ముడు కాకి గొంతు చించుకుంటున్నా ఇక్కడికి చిన్న చప్పుడు కూడా రాలేదు. గూడబాతు నీళ్ళ మీద పరుగందుకుని లేచి, రెక్కలు చాపి ఊరుకుంది. మిగతాది గాలే చూసుకుంది. కాసేపటికే పంగలో వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం తిరిగొచ్చిన పడవతోపాటు కాకీ పొన్నలంకకి వచ్చింది, ఈకలన్నీ ఉప్పునీళ్ళకి తడిసి చెదిరిపోయి.

"అదేంటి వదినా! నేనెందుకు చేరలేకపోయాను? కూతవేటు దూరమేగా!"

"దూరం అంతే మరిదీ. కూత నీ దాకా వచ్చింది. నువ్వే కూత దాకా రాలేకపోయావు. ఆ కింద కొమ్మ మీద కూర్చో, రెక్కలారతాయి."

అందుకే, దూరం ఎంతని అడిగేవాళ్ళు గాలి ఎటని కూడా అడగాలి.